పెట్టె పోయినా బొమ్మ ఉంటుందా?

సీఎస్ఈలో సీటు వచ్చిన రోజు నుంచి ఇంట్లో మనకొక అదనపు ఉద్యోగం మొదలవుతుంది. వైఫై రాకపోయినా, ప్రింటర్ మొరాయించినా, ఆఖరికి మిక్సీ తిరగకపోయినా "నువ్వు కంప్యూటరే కదా చదివేది, చూడు" అంటారు. ఈ ఏడాది నాకు పడిన పని ఏంటంటే, టీవీ ప్రోగ్రాములు రికార్డ్ చేసుకోవడానికి ఏ మెషిన్ మంచిదో చూసి చెప్పడం. ఈ కాలంలో కూడా టీవీ రికార్డ్ చేసేవాళ్ళున్నారా అని హాస్టల్లో నవ్వారు. ఉన్నారు. ఎడపల్లిలో మా ఇంట్లోనే ముగ్గురున్నారు.

ఎడపల్లి అంటే నిజామాబాద్ నుంచి బోధన్ వెళ్ళే దారిలో, అలీసాగర్ దగ్గర ఉండే మా ఊరు. ఒకప్పుడు చుట్టూ చెరుకు, ఇప్పుడు ఎక్కువగా వరి. మా నానమ్మ సాయంత్రం గుడికి వెళ్ళే టైముకే ఆమె సీరియల్ వస్తుంది. బాపు చూడాలనుకునే ఈటీవీ 'అన్నదాత' పొద్దున్నే వస్తుంది, అప్పటికి ఆయన పొలంలో ఉంటాడు. అమ్మకైతే వేరే కోరిక. బోధన్ షుగర్ ఫ్యాక్టరీ గురించి టీవీలో ఏదొచ్చినా దాచిపెట్టాలంటుంది. ఎందుకో తర్వాత చెప్తాను.

పని మొదలుపెట్టాక తెలిసిందేంటంటే, దుకాణంలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. పిక్చర్ ఎంత బాగుంటుంది, ఎన్ని గంటలు పడుతుంది, ధర ఎంత అని అందరూ అడుగుతారు. ఈ పెట్టె పాడైపోయిన తర్వాత ఇందులో రికార్డ్ చేసింది ఇంకో దాంట్లో ఆడుతుందా అని మాత్రం అడగరు. ఈ వ్యాసమంతా ఆ ఒక్క ప్రశ్న గురించే.

చూసి చెరిపేసేది, దాచుకునేది

ముందు ఒక తేడా చెప్పుకోవాలి. నానమ్మ సీరియల్, బాపు 'అన్నదాత' ఒక రకం. ఇవాళ రికార్డ్ చేస్తాం, రాత్రికో రేపో చూస్తాం, చెరిపేస్తాం. ప్రోగ్రాం టైముని మన టైముకి జరుపుకోవడం అన్నమాట. అమ్మ అడిగేది రెండో రకం, పదేళ్ళ తర్వాత కూడా చూడగలిగేలా దాచుకోవడం. ఈ రెండు పనులూ ఒకే మెషిన్ చేయాలని రూలేం లేదు. నిజానికి మొదటి పనికి సూపర్‌గా పనికొచ్చే పెట్టె రెండో పనికి అస్సలు పనికిరాకపోవచ్చు.

ఇలా ఇంట్లో రికార్డ్ చేసుకోవడం తప్పా అని ఒక సందేహం వస్తుంది. అమెరికాలో దీని మీద పెద్ద కేసే నడిచింది. సోనీ అమ్మే బీటామ్యాక్స్ రికార్డర్ల వల్ల తమ సినిమాలు దొంగ కాపీలవుతాయని యూనివర్సల్ స్టూడియో కోర్టుకెళ్ళింది. 1984లో వాళ్ళ సుప్రీం కోర్టు 5-4 తేడాతో సోనీ వైపు తీర్పిచ్చింది. తర్వాత చూసుకోవడానికి ఇంట్లో రికార్డ్ చేసుకోవడం న్యాయమైన వాడకమే అంది. మన దగ్గర 1957 కాపీరైట్ చట్టంలో 39వ సెక్షన్ ఉంది. ప్రసారమైనదాన్ని సొంత వాడకం కోసం రికార్డ్ చేసుకుంటే ప్రసారకర్తల హక్కులను ఉల్లంఘించినట్టు కాదని అది చెప్తుంది. సొంత వాడకం అనే మాట గుర్తుపెట్టుకోండి. రికార్డ్ చేసి యూట్యూబ్‌లో పెట్టేసుకోవచ్చని దానర్థం కాదు.

టేపుల కాలంలో

మన అమ్మానాన్నల తరం రికార్డర్ కొన్నప్పుడు వాళ్ళకి రెండు ప్రశ్నలుండేవి. మొదటిది వీసీఆరా, వీసీపీనా? వీసీపీ క్యాసెట్ ఆడిస్తుందంతే, రికార్డ్ చేయదు. అందుకే తక్కువ ధరకి వచ్చేది. పెళ్ళిళ్ళకి, వినాయక చవితి పందిళ్ళకి కలర్ టీవీతో పాటు అద్దెకు తెచ్చి రాత్రంతా మూడు సినిమాలు వేసేవాళ్ళని బాపు చెప్తాడు. టీవీలో వచ్చేది పట్టుకోవాలంటే మాత్రం వీసీఆర్ ఉండాల్సిందే. దాంట్లో సొంత ట్యూనర్ ఉంటుంది. యాంటెన్నా వైరు నేరుగా దానికే పెడితే టీవీ ఆఫ్‌లో ఉన్నా ఛానెల్ పట్టుకుని రికార్డ్ చేస్తుంది. టైమర్ కూడా ఉంటుంది, కాకపోతే మధ్యలో కరెంటు పోతే గడియారం మళ్ళీ మొదటికొస్తుంది.

రెండో ప్రశ్న ఏ క్యాసెట్ అన్నది. సోనీ 1975లో బీటామ్యాక్స్ తెచ్చింది. జేవీసీ 1976లో వీహెచ్ఎస్ తెచ్చింది. బీటా బొమ్మే కొంచెం మెరుగని చాలామంది అంటారు. కానీ మొదట్లో బీటా క్యాసెట్ మీద గంటే పట్టేది, వీహెచ్ఎస్ మీద రెండు గంటలు. సినిమా మొత్తం ఒకే క్యాసెట్లో పడితే ఎవరు వద్దంటారు? పైగా జేవీసీ తన పద్ధతిని వేరే కంపెనీలకీ ఇచ్చింది. ఎక్కువ కంపెనీలు చేసేసరికి ధరలు తగ్గాయి, అద్దె దుకాణాలూ అటే మళ్ళాయి. వీహెచ్ఎస్ గెలిచింది.

మన దేశంలో వాడే పాల్ పద్ధతికి ఈ-180 అనే క్యాసెట్ దొరికేది, అంటే 180 నిమిషాలు. లోపల పావు కిలోమీటరు పొడవున్న టేపు ఉంటుంది. ఇక్కడ ఇంజినీరింగ్ భలే ఉంటుంది. వీడియో సిగ్నల్ రాయాలంటే టేపు తల మీదుగా సెకనుకి కొన్ని మీటర్ల వేగంతో పోవాలి. నిజంగా అంత వేగంగా లాగితే క్యాసెట్ క్షణంలో అయిపోతుంది. అందుకని టేపుని సెకనుకి 2.3 సెంటీమీటర్లే నడిపి, తలలున్న డ్రమ్మునే సెకనుకి 25 సార్లు తిప్పారు. డ్రమ్ము కొంచెం ఏటవాలుగా ఉంటుంది కాబట్టి ప్రతి గీతా టేపు మీద వంపుగా పడుతుంది. రెండు తలలు, 25 చుట్లు, కాబట్టి సెకనుకి 50 గీతలు. ఒక్కో గీత ఒక్కో అర బొమ్మ. ఫలితంగా తలకీ టేపుకీ మధ్య వేగం సెకనుకి 4.8 మీటర్లు దాటుతుంది.

మనకి ముఖ్యమైన సంగతి ఏంటంటే, ఆ గీతల్లో రహస్యం ఏమీ లేదు. ఎడపల్లిలో రికార్డ్ చేసిన క్యాసెట్ బోధన్‌లో ఆడుతుంది, బొంబాయిలో ఆడుతుంది. సోనీ మెషిన్‌లో రాసింది ఫిలిప్స్ మెషిన్‌లో కనపడుతుంది. అమెరికా నుంచి చుట్టాలు పంపిన క్యాసెట్లు ఇక్కడ సరిగ్గా ఆడకపోయేవంటే అక్కడి ఎన్‌టీఎస్‌సీ పద్ధతి వేరు కాబట్టి, తాళం వేయడం వల్ల కాదు. రికార్డింగ్ చెరిగిపోకుండా ఉండాలంటే క్యాసెట్ వెనక ఉన్న చిన్న ప్లాస్టిక్ ముక్క విరగ్గొట్టేవాళ్ళు. మనసు మారితే ఆ కన్నం మీద టేపు ముక్క అంటించి మళ్ళీ రికార్డ్ చేసేవాళ్ళు. అనుమతులన్నీ ఆ ఒక్క కన్నంలోనే ఉండేవి.

పోయినేడాది మా మేనత్త పెళ్ళి క్యాసెట్ దొరికింది. బోధన్‌లో ఒకప్పుడు పెళ్ళి వీడియోలు తీసిన ఒకాయన దగ్గర వీసీఆర్ ఇంకా పనిచేస్తోంది. పెట్టి చూస్తే పెళ్ళి వచ్చింది, అప్పగింతలు వచ్చాయి, ఆ తర్వాత మిగిలిన టేపు మీద హఠాత్తుగా క్రికెట్ వచ్చింది. 1996 ప్రపంచకప్‌లో బెంగళూరులో పాకిస్తాన్‌తో ఆడిన క్వార్టర్ ఫైనల్, దూరదర్శన్ నుంచి పట్టింది. రంగులు కారుతున్నాయి, అడుగున గీతలు పడుతున్నాయి. కానీ దాదాపు ముప్పై ఏళ్ళ తర్వాత, ఎవరినీ ఏ అనుమతీ అడక్కుండా, ఎవరిదో మెషిన్‌లో ఆడింది.

డిజిటల్ పెట్టెలో ఏం జరుగుతుంది

కేబుల్ అనలాగ్‌గా ఉన్నంతకాలం వైరు నేరుగా వీసీఆర్‌కి పెట్టుకోవచ్చు. 2017 నాటికి పల్లెల కేబుల్ కూడా డిజిటల్‌కి మారింది. ఇప్పుడు కేబుల్ అయినా డీటీహెచ్ అయినా సెట్‌టాప్ బాక్స్ తప్పనిసరి. వీసీఆర్‌లోని ట్యూనర్‌కి ఆ సిగ్నల్ అర్థం కాదు.

గొడుగు మీద పడే సిగ్నల్ నిజానికి ఒక డేటా ప్రవాహం. మన నెట్‌వర్క్స్ సబ్జెక్టులో ప్యాకెట్లున్నట్టే ఇక్కడా ఉంటాయి. ఒక్కో ప్యాకెట్ 188 బైట్లు. ప్రతి ప్యాకెట్ మొదటి బైటు హెక్సాలో 47. ఆ 47ని చూసే బాక్స్ ప్యాకెట్ ఎక్కడ మొదలైందో తెలుసుకుంటుంది. ఒకే ప్రవాహంలో చాలా ఛానెళ్ళ బొమ్మ, మాట ప్యాకెట్లుగా కలిసి వస్తాయి. బాక్స్ మనకి కావాల్సినవి ఏరుకుంటుంది.

డబ్బు కట్టే ఛానెళ్ళయితే ఆ ప్యాకెట్లలోని సరుకుని కలగాపులగం చేసి పంపుతారు. దాన్ని విప్పే తాళంచెవి కొన్ని సెకన్లకోసారి మారిపోతూ ఉంటుంది. మనం రీఛార్జ్ చేశామని మన కార్డుకి తెలిస్తేనే బాక్స్ ఆ చెవులను తయారుచేసుకుని బొమ్మ చూపిస్తుంది. ఇక్కడివరకూ న్యాయమే, డబ్బు కట్టినవాళ్ళే చూడాలి.

చిక్కంతా రికార్డ్ చేసేటప్పుడు వస్తుంది. మనం రికార్డ్ బటన్ నొక్కితే ఇలాంటి బాక్స్ మామూలు వీడియో ఫైల్ రాయదు. రికార్డింగ్‌కి మళ్ళీ తాళం వేసి రాస్తుంది. ఆ తాళంచెవి ఆ బాక్స్ చిప్పులోనో, దాని కార్డుతోనో ముడిపడి ఉంటుంది. డిస్కు మనది, పెన్‌డ్రైవ్ మనది, కరెంటు మనది. తాళంచెవి మాత్రం మనది కాదు.

అమ్మ ఎందుకు దాచమంటుందో ఇప్పుడు చెప్తాను. మా తాత శక్కర్‌నగర్‌లో, అంటే బోధన్ నిజాం షుగర్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. 1930ల్లో నిజాం కాలంలో కట్టిన ఫ్యాక్టరీ అది, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. 2015 డిసెంబర్‌లో లే-ఆఫ్ పెట్టి మూసేశారు. ఆ రోజుల్లో ఒక న్యూస్ ఛానెల్ వాళ్ళు గేటు దగ్గర కార్మికులతో మాట్లాడుతూ మా తాతతో కూడా మాట్లాడారు. సాయంత్రం మళ్ళీ వేస్తారని తెలిసి బాపు బాక్స్‌కి పెన్‌డ్రైవ్ పెట్టి రికార్డ్ చేశాడు. ఆ తర్వాత రెండేళ్ళు ఇంటికి ఎవరొచ్చినా తాత అదే పెట్టించేవాడు. తర్వాత పిడుగుపాటుకి బాక్స్ కాలిపోయింది. కొత్తది వచ్చింది, అదే కంపెనీది, అదే నంబరు మీద. పెన్‌డ్రైవ్ పెడితే ఫార్మాట్ చేయమంటావా అని అడిగింది. బాపు వద్దన్నాడు కాబట్టి ఫైల్ అలాగే ఉంది. 2019లో తాత పోయాడు.

ఇంజినీరింగ్‌లో చేరాక ఆ పెన్‌డ్రైవ్ నా చేతికొచ్చింది. ఫైల్ చక్కగా ఉంది, ఒక జీబీ పైన సైజు, తేదీ కూడా కనపడుతోంది. వీఎల్‌సీ తెరవలేదు. హెక్స్ ఎడిటర్‌లో తెరిచి చూశాను. మామూలు టీవీ ఫైల్ అయితే ప్రతి 188 బైట్లకీ ఒక 47 కనపడాలి. ఎక్కడా ఆ వరస లేదు. గీత లేదు, లయ లేదు, అంతా బియ్యంలో నూకలు కలిపినట్టుంది. మంచి ఎన్‌క్రిప్షన్ అలాగే ఉంటుందని మనకి క్లాసులో చెప్తారు.

తాళంచెవులన్నీ ఒక్కొక్కటీ పెట్టి చూస్తే అనే ఆశ మనలాంటివాళ్ళకి వస్తుంది. తాళంచెవి 128 బిట్లది అనుకుందాం. సెకనుకి లక్ష కోట్ల చెవులు ప్రయత్నించే మెషిన్ ఉన్నా అన్నీ చూడటానికి లక్ష కోటి కోట్ల సంవత్సరాలు దాటుతుంది. విశ్వం వయసు 1,380 కోట్ల సంవత్సరాలే. అసలు చెవి కాలిపోయిన చిప్పులో ఉండిపోయింది. నానమ్మకి ఇదంతా చెప్తే ఆమె అడిగింది ఒక్కటే. "మీ తాత గండ్లనే ఉన్నడు గద బిడ్డా, మరి ఎందుకు గనవడడు?" దానికి నా దగ్గర సిలబస్‌లో జవాబు లేదు.

అంటే టేపు గొప్పది, డిజిటల్ చెడ్డది అని కాదు. టేపుకీ దాని కష్టాలున్నాయి. తేమకి బూజు పడుతుంది, అయస్కాంత పొర నెమ్మదిగా రాలిపోతుంది. పైగా ఆడించే మెషిన్లే లేకుండా పోతున్నాయి. ఆఖరి వీసీఆర్ తయారీదారు, జపాన్‌లోని ఫునాయ్ కంపెనీ, 2016 జులైలో తయారీ ఆపేసింది. టేపుకి తాళం లేదు గానీ తలుపులు తగ్గిపోతున్నాయి. డిజిటల్ ఫైల్‌కి తాళం లేకపోతే ఎన్నిసార్లు కాపీ చేసినా అరగదు. కాబట్టి మనకి కావాల్సింది తాళం లేని డిజిటల్ ఫైల్.

ఇప్పుడు దొరికే దారులు

మొదటిది, లోపలే హార్డ్ డిస్క్ ఉన్న డీటీహెచ్ రికార్డర్. అమెరికాలో టీవో లాంటివి 1999లో వచ్చాయి. మన దేశంలో టాటా స్కై ప్లస్ 2008లో వచ్చింది. ప్రోగ్రాం పట్టికలో పేరు మీద నొక్కితే చాలు, రోజూ అదే రికార్డ్ అవుతుంది. లైవ్‌లో వస్తున్నదాన్ని కూడా ఆపి, వెనక్కి తిప్పి చూడొచ్చు. వాడకం చాలా తేలిక. కొనేముందు ఎన్ని ట్యూనర్లున్నాయో అడగండి. ఒక ట్యూనరే ఉంటే ఒకటి రికార్డ్ అవుతుండగా ఇంకో ఛానెల్ చూడటం కుదరకపోవచ్చు. రికార్డింగులు బయటికి రావు. చూసి చెరిపేసే పనికి ఇది మంచిది.

రెండోది, యూఎస్‌బీ రికార్డింగ్ ఉన్న మామూలు సెట్‌టాప్ బాక్స్. పెన్‌డ్రైవో హార్డ్ డిస్కో మనమే పెట్టుకోవాలి. ధర తక్కువ. డిస్కు చేతిలో ఉంది కదా, రికార్డింగ్ కూడా మనదే అనిపిస్తుంది. మా తాత ఫైల్ ఉన్నది ఇలాంటి పెన్‌డ్రైవ్‌లోనే. ఇది కూడా చూసి చెరిపేయడానికే అనుకోండి.

మూడోది, ఉచిత ఛానెళ్ళకి కంప్యూటర్ ట్యూనర్. ప్రసార భారతి వారి డీడీ ఫ్రీ డిష్‌కి నెలవారీ చందా లేదు, దాంట్లో చాలా ఛానెళ్ళు తాళం లేకుండానే వస్తాయి. మన డీడీ యాదగిరి కూడా అందులో ఉంది. గొడుగు వైరుని డీవీబీ ట్యూనర్ కార్డు ద్వారా కంప్యూటర్‌కి ఇస్తే, గాల్లోంచి వచ్చిన ప్యాకెట్లు ఉన్నవి ఉన్నట్టు టీఎస్ ఫైల్‌గా పడతాయి. మళ్ళీ కంప్రెస్ చేయలేదు కాబట్టి నాణ్యత ఒక్క చుక్క కూడా తగ్గదు. టీవీహెడెండ్ అనే ఉచిత ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్ టైమర్ పని కూడా చూసుకుంటుంది. లైనక్స్ అంటే భయం లేనివాళ్ళకి ఇదే అన్నిటికన్నా మంచి దారి. కాకపోతే చందా ఛానెళ్ళు ఇందులో రావు. నానమ్మ సీరియల్ చందా ఛానెల్లోనే ఉంది.

నాలుగోది, బాక్స్ నుంచి బయటికొచ్చే బొమ్మనే పట్టుకోవడం. ఇక్కడ రెండు వైర్లున్నాయి. హెచ్‌డీఎంఐ వైరులో బొమ్మ బాగుంటుంది గానీ బాక్స్‌కీ టీవీకీ మధ్య హెచ్‌డీసీపీ అనే ఇంకో తాళం ఉంటుంది. మామూలు క్యాప్చర్ కార్డు పెడితే నల్ల తెరే వస్తుంది. రెండోది పాత ఏవీ వైరు. పసుపు బొమ్మకి, ఎరుపు తెలుపు మాటకి. కొన్ని బాక్సుల్లో ఈ మూడింటికీ కలిపి హెడ్‌ఫోన్ పిన్ను లాంటి ఒకే కన్నం ఉంటుంది. ఈ అనలాగ్ సిగ్నల్‌ని చిన్న యూఎస్‌బీ క్యాప్చర్ ముక్కతో ల్యాప్‌టాప్‌లోకి తీసుకుని ఓబీఎస్‌లో రికార్డ్ చేయొచ్చు. బొమ్మ 720 బై 576 సైజే, హెచ్‌డీ కాదు. కానీ వచ్చేది మామూలు ఎంపీ4 ఫైల్, ఎక్కడైనా ఆడుతుంది. మేం కొన్న ముక్క వెయ్యి రూపాయల లోపే. వీసీఆర్ నుంచి పాత క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించడానికీ ఇదే ముక్క పనికొస్తుంది.

ఒక హెచ్చరిక. నెట్‌లో వెతికితే తాళాలు పగలగొట్టే పద్ధతులు చాలా కనపడతాయి. 2012లో మన కాపీరైట్ చట్టంలో 65ఏ సెక్షన్ చేర్చారు. హక్కులు ఉల్లంఘించాలనే ఉద్దేశంతో ఇలాంటి రక్షణలను పగలగొడితే అది శిక్ష పడే నేరం. తాళం పగలగొట్టడం కన్నా తాళం లేని దారి ఎంచుకోవడం మనకి అన్నివిధాలా మంచిది.

"ఇదంతా ఎందుకు, యూట్యూబ్‌లో ఉంటుంది కదా?" అనేవాళ్ళున్నారు. పెద్ద సీరియళ్ళు, హిట్ షోలు ఉంటాయి. జిల్లా వార్తల్లో రెండు నిమిషాలు వచ్చిన ఎడపల్లి ముచ్చట ఉంటుందని గ్యారంటీ ఏముంది? తాత మాట్లాడిన ఆ వార్త కోసం ఎన్ని రకాలుగా వెతికినా దొరకలేదు. ఈ రోజు ఉన్న వీడియో రేపు తీసేయొచ్చు కూడా. అమెరికాలో ఫిలడెల్ఫియాలో మేరియన్ స్టోక్స్ అనే ఆవిడ ఇది ముందే ఊహించినట్టు, 1970ల చివరి నుంచి 2012లో చనిపోయేదాకా తన ఇంట్లో వీసీఆర్లు పెట్టుకుని రాత్రీ పగలూ టీవీ వార్తలు రికార్డ్ చేసింది. దాదాపు 70 వేల టేపులు. బతికినన్నాళ్ళూ చాలామందికి అదొక పిచ్చిలా కనపడింది. ఆమె పోయాక ఆ టేపులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కి చేరాయి. ఆ టేపులకి ఎన్‌క్రిప్షన్ ఉండి ఉంటే అవన్నీ ప్లాస్టిక్ డబ్బాలే.

ఎంత చోటు కావాలి

లెక్క చాలా సులువు. ఎస్‌డీ ఛానెల్ సెకనుకి 3 మెగాబిట్లు అనుకుందాం. 8తో భాగిస్తే బైట్లు, 3,600తో గుణిస్తే గంటకి 1,350 ఎంబీ, అంటే 1.35 జీబీ. హెచ్‌డీ ఛానెల్ 8 మెగాబిట్లు అనుకుంటే గంటకి 3.6 జీబీ. 500 జీబీ డిస్కు మీద ఎస్‌డీ దాదాపు 370 గంటలు, హెచ్‌డీ దాదాపు 140 గంటలు పడుతుంది. మీ ఛానెల్‌ని బట్టి ఈ బిట్‌రేట్ మారుతుంది, పద్ధతి మాత్రం ఇదే.

పెన్‌డ్రైవ్ ఎఫ్‌ఏటీ32లో ఫార్మాట్ అయి ఉంటే ఒక్కో ఫైల్ 4 జీబీ దాటదు. మూడు గంటల సినిమా మధ్యలో ఆగిపోయిందంటే మొదట ఇదే చూడండి. కొన్ని బాక్సులు ఫైల్‌ని వాటంతట అవే ముక్కలు చేస్తాయి, కొన్ని చేయవు. ఇంకో మాట, మొత్తం ప్రోగ్రాములు దాచొద్దు. దాచాల్సింది తక్కువే ఉంటుంది. నెలకోసారి కూర్చుని, కావాల్సిన ముక్క కత్తిరించి, తేదీ, ఛానెల్ పేరు, ఎవరు మాట్లాడారో ఫైల్ పేరులోనే రాసి, రెండు వేర్వేరు డిస్కుల్లో పెట్టండి. పేరులేని ఫైల్ పదేళ్ళ తర్వాత తాళం వేసిన ఫైల్ లాంటిదే.

మా ఇంట్లో ఏం పెట్టాం

చివరికి రెండు మెషిన్లు పెట్టాం. నానమ్మకి, బాపుకి యూఎస్‌బీ రికార్డింగ్ ఉన్న బాక్స్. నానమ్మ షరతు ముందే చెప్పింది: "నేను ఒక్క మీట ఒత్తుత. బొమ్మ రావాలె. గంతే." సీరియల్‌కీ 'అన్నదాత'కీ రోజువారీ టైమర్ పెట్టేశాం, కరెంటు పోయినా ఆగకుండా బాక్స్‌ని ఇన్వర్టర్ లైన్‌కి మార్చాం. ఆమెకి కావాల్సింది రికార్డింగ్ జాబితా తెరిచే ఒక్క బటన్. దాని మీద కొంచెం పసుపు రంగు నెయిల్ పాలిష్ వేశాం.

అమ్మ కోసం అదే బాక్స్ ఏవీ కన్నం నుంచి క్యాప్చర్ ముక్క, దానికి నా పాత ల్యాప్‌టాప్. ఫ్యాక్టరీ మళ్ళీ తెరవాలనే వార్త వచ్చినప్పుడల్లా అమ్మే ఓబీఎస్‌లో రికార్డ్ బటన్ నొక్కుతుంది. ఆరు క్లిప్పులయ్యాయి. ప్రతిదాని పేరులో తేదీ ఉంది, బాపు అన్న గుర్తుపట్టిన మనుషుల పేర్లున్నాయి. ఒక కాపీ ఇంట్లో, ఒక కాపీ నా దగ్గర హాస్టల్లో.

మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు అడుగుతారు. అప్పుడు ఈ పరీక్ష పెట్టండి. కొనే ముందు, లేదా తిరిగి ఇచ్చే గడువు ఉండగానే, ఆ పెట్టెలో ఒక పది నిమిషాలు ఏదైనా రికార్డ్ చేయండి. పెన్‌డ్రైవ్ పీకి ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌కి పెట్టండి. అక్కడ ఆడితే, దాచుకోవాల్సినవన్నీ ధైర్యంగా అందులో పెట్టుకోండి. ఆడకపోతే సీరియళ్ళ వరకే వాడండి, ఇంటి మనుషులెవరైనా టీవీలో కనపడిన రోజు మాత్రం ఆ పెట్టెను నమ్మొద్దు. కనీసం టీవీ ముందు ఫోన్ పట్టుకుని అయినా వీడియో తీయండి. తెర మెరుస్తుంది, ఫ్యాను చప్పుడు వినపడుతుంది, వెనక కుక్కర్ విజిల్ కూడా పడుతుంది. అయినా పర్వాలేదు, అది ఎక్కడైనా ఆడుతుంది.